ఇంట్లో యుకులేలే, అంగట్లో పనిముట్లు

2025 ఏప్రిల్‌లో నీతి ఆయోగ్ ఒక నివేదిక విడుదల చేసింది. అందులో విషయం రంపాలు, సుత్తులు, స్పానర్లు, డ్రిల్లింగ్ మిషన్లు. ప్రపంచంలో ఈ సరుకు వ్యాపారం ఏడాదికి సుమారు 10,000 కోట్ల డాలర్లట. అందులో చేతి పనిముట్ల ఎగుమతిలో మన వాటా 1.8 శాతం, కరెంటు పనిముట్లలో 0.7 శాతం. చేతి పనిముట్లలో సగం చైనావే. మన సరుకు తయారు కావడానికి చైనా కంటే 14 నుంచి 17 శాతం ఎక్కువ ఖర్చవుతోందని, ఆ తేడా పూడ్చగలిగితే పదేళ్లలో ఎగుమతిని 2,500 కోట్ల డాలర్లు దాటించి 35 లక్షల ఉద్యోగాలు తేవచ్చని ఆ నివేదిక లెక్క కట్టింది.

లెక్క బాగానే ఉంది. అమ్మేవాళ్ల గురించి, చేసేవాళ్ల గురించి ఉంది. మరి వాడేవాళ్లెవరు? జలంధర్‌లోనో, నాగౌర్‌లోనో తయారైన ఉలి మన ఊరి హార్డ్‌వేర్ షాపులోకి వచ్చి వేలాడుతోందే, దాన్ని ఎవరి చేతికి అందివ్వాలని దుకాణదారు అనుకుంటున్నాడు? ఈ ప్రశ్న నాకు నివేదిక చదివితే రాలేదు. మా అక్క కూతురి యుకులేలే పుణ్యమా అని వచ్చింది.

యుకులేలే మీకు తెలిసే ఉంటుంది. గిటారుకి చెల్లెలిలా ఉంటుంది. నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి. ఇప్పుడు పట్నాల్లో అపార్ట్‌మెంట్ పిల్లలు చాలామంది సంగీతంలో ఓనమాలు దీంతోనే దిద్దుతున్నారు. చిన్న వేళ్లకి అందుతుంది, తీగలు కోసుకోవు, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోవచ్చు. కానీ చవక రకాల్లో మెట్ల అంచులు గరుకుగా ఉండి వేళ్లు గీరుకుంటాయి. తీగలు ఎత్తుగా ఉండి నొక్కితే శ్రుతి జారుతుంది. మా పిల్లది అదే ఫిర్యాదు చేస్తే, ఆకురాయి పెట్టి మెట్ల అంచులు నున్నగా చేసిచ్చాను. అక్కడితో ఊరుకోక, "పిన్నీ, ఇది మనమే చేసుకోలేమా?" అంది.

చేసుకోవచ్చు. అసలు ఈ వాద్యం పుట్టిన తీరే అలాంటిది. 1879 ఆగస్టులో పోర్చుగల్ ఏలుబడిలోని మదీరా ద్వీపం నుంచి చెరకు తోటల్లో పనికని కూలీలు రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో హవాయి చేరారు. వాళ్లలో ముగ్గురు - మాన్యుయెల్ నూనెస్, జోసె దో ఎస్పిరితో శాంతో, అగుస్తో దియాస్ - బీరువాలూ కుర్చీలూ చేసే వడ్రంగులు. తమ ద్వీపంలో వాయించే మషేత్ అనే చిన్న తీగ వాద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చేశారు. హవాయి వాళ్లు దానికి యుకులేలే అని పేరు పెట్టుకున్నారు. గెంతే పురుగు అని అర్థం చెబుతారు. తీగల మీద వేళ్లు గెంతే తీరు చూసి అన్నారో ఏమో! 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌తో అమెరికా అంతా దానికి మోజు పడింది. ఇక్కడ నేను పట్టుకున్నదేమిటంటే, మొదట చేసినవాళ్లు ప్రత్యేక వాద్య శిల్పులేం కారు. బీరువా తలుపు చేసే చేతులు, బీరువా తలుపు చేసే పనిముట్లు. కాబట్టి మన వీధి చివరి వడ్రంగి సంచీలో ఉండేవాటితోనే ముప్పాతిక పని అయిపోతుంది.

ఆ సంచీ మన ఇంట్లో ఎందుకు లేదన్నదే అసలు సంగతి.

పనిముట్ల కోసం హార్డ్‌వేర్ వీధికి వెళ్లాను. సన్నపళ్ల రంపం కావాలన్నాను. "ఎవరికి మేడమ్? సార్‌ని ఒకసారి ఫోన్‌లో అడగండి" అన్నాడు. నాకేనన్నాను. వెంటనే గులాబీ రంగు పెట్టె ఒకటి తీశాడు. స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, టేపు, కత్తెర, అన్నీ గులాబీ పిడులతో. ఆ సుత్తితో పల్లీలు కూడా పగలవు. రంగు మారిస్తే ఆడవాళ్ల పనిముటు అయిపోతుందనుకునే కంపెనీలది తప్పా, అదే చూపించే దుకాణదారుది తప్పా అంటే, ఇద్దరికంటే ముందు ఇంటిని అనాలి. కుర్చీ కాలు ఊగితే అబ్బాయిని పిలిచి "ఇలా పట్టుకోరా" అంటాం. అమ్మాయి పక్కనే ఉంటుంది, ఆమెను టీ పెట్టమంటాం.

నిజానికి పనిముటు పట్టడం మనకి కొత్తా? కత్తిపీట గుర్తు తెచ్చుకోండి. నేల మీద కూర్చుని, పీటని కాలితో తొక్కిపట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని గుమ్మడికాయ కోసిన వాళ్లం. మన వడ్రంగులూ అంతే కదా, నేల మీద కూర్చుని చెక్కని పాదంతో బిగించి పట్టి ఉలి నడుపుతారు. నడుం ఎత్తు బల్ల, దానికి బిగించిన వైస్ లేకపోతే చెక్క పని చెయ్యకూడదని విదేశీ పుస్తకాలు చెబుతాయి. అవి ఉంటే మంచిదే. లేకపోయినా మన ఒంటికి ఇంకో పద్ధతి తెలుసు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు కాలు అడ్డం పెట్టడం మాత్రం మానేసి, రెండు సి-క్లాంపులతో చెక్కని పాత బల్లకి బిగించుకోవడం మేలు.

సరే, ఏం కొనాలి? పని ఏమిటో తెలిస్తే పనిముటు దానంతటదే తెలుస్తుంది. యుకులేలేలో అన్నిటికంటే చిన్నదైన సొప్రానో రకం తీసుకుందాం. దాని తీగ పొడవు 345 మిల్లీమీటర్లు. పై పలక మందం రెండు మిల్లీమీటర్లకి మించకూడదు. పక్క పట్టీలు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండి వంపు తిరగాలి. మెడ మీద మెట్లు సరిగ్గా వాటి వాటి చోట్ల పడాలి. మిగతా అంతా జిగురు, ఓర్పు.

ఇందులో నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది మెట్ల రంపం మీద. వీణ చూశారు కదా, దాని మెట్లని మైనంలో నిలబెడతారు. తేడా వస్తే మైనం కరిగించి, చెవి పెట్టి విని, మెట్టుని జరుపుకోవచ్చు. యుకులేలేకి ఆ వెసులుబాటు లేదు. చెక్కలో గాడి కోసి, లోహపు మెట్టుని సుత్తితో కొట్టి దించుతారు. గాడి పడ్డాక పడ్డట్టే. మెట్ల స్థానాలకి లెక్క సులభం. మొత్తం తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. 345కి మొదటి మెట్టు 19.4 మిల్లీమీటర్ల దగ్గర, అక్కణ్నుంచి రెండోది 18.3 దగ్గర పడతాయి. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 172.5 దగ్గర రావాలి. రాకపోతే లెక్క ఎక్కడో తప్పిందన్నమాట. పై మెట్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు జరిగినా చెవికి తెలిసిపోతుంది.

గాడి వెడల్పు ఇంచుమించు 0.6 మిల్లీమీటరు ఉండాలి. మామూలు కర్ర కోసే రంపం దీనికి రెండింతలు కోసేస్తుంది, మెట్టు వదులై ఊడొస్తుంది. అందుకని మీరు కొనే మెట్ల తీగ అడుగు భాగం ఎంత మందమో ముందు కనుక్కుని, దానికి సరిపోయే రంపం తీసుకోవాలి. ముందు రంపం, తర్వాత మెట్లు కొంటే రెండూ జతపడవు. ఈ ఒక్కటీ మన ఊరి షాపులో దొరకదు, తెప్పించుకోవాలి.

చెక్కలు కోయడానికి వేరే రంపం కావాలి. జపాన్ తరహా రంపం దొరికితే చూడండి. మన దగ్గర ఎక్కువగా అమ్మే రంపం తోస్తే కోస్తుంది కాబట్టి రేకు మందంగా ఉండాలి, లేకపోతే వంగిపోతుంది. జపాన్‌ది లాగితే కోస్తుంది. లాగినప్పుడు రేకు తనంతట తనే బిగుసుకుంటుంది, అందుకే పలుచగా చేయగలుగుతారు. పలుచని రంపం తక్కువ చెక్క తింటుంది, తక్కువ బలం అడుగుతుంది. అదేదో ఆడవాళ్ల రంపం అని చెప్పడం లేదు, అక్కడ మగ వడ్రంగులు వాడేదీ అదే. బలం తక్కువ కాబట్టి ఆడవాళ్లు చెయ్యలేరనే మాటకి మాత్రం అది మంచి జవాబు. కొంత మనిషి బలహీనత, కొంత రంపం మందం.

ఉలి, చిత్రిక ఖరీదైనవి అక్కర్లేదు. సానరాయి మాత్రం మంచిది కావాలి. చవక ఉలి అయినా వెంట్రుక గీరేంత పదును పెడితే చెప్పిన మాట వింటుంది. పదును లేని ఖరీదు ఉలిని బలం కొద్దీ తోయాల్సి వస్తుంది, తోసినప్పుడే అది జారి చేతిలో దిగుతుంది. పిడి సంగతి కూడా చూసుకోండి. అంగట్లో పిడులు పెద్ద అరచేతుల కొలతకి చేసినవి. నాలుగు వేళ్లూ చుట్టూ తిరిగి బొటనవేలిని తాకకపోతే పట్టు నిలవదు, మణికట్టు నొప్పి పెడుతుంది. మీ ఊళ్లో కమ్మరి కొలిమి ఇంకా ఆరిపోకుండా ఉంటే మీరు అదృష్టవంతులు. లారీ కమాను పట్టీ ముక్క ఇస్తే అరంగుళం ఉలి కొట్టిస్తాడు, పిడి మీ చేతికి కొలిచి పెట్టిస్తాడు. కంపెనీ వాడు మన చెయ్యి కొలుస్తాడా?

క్లాంపుల దగ్గర మాత్రం మనదే పైచేయి. పక్క పట్టీ లోపలి అంచుకి సన్నని పట్టీ అతికించి, జిగురు ఆరే దాకా అంగుళానికొకటి చొప్పున పట్టి ఉంచాలి. దానికి యాభై అరవై చిన్న క్లాంపులు కావాలి. అనుభవం ఉన్నవాళ్లంతా ఇక్కడ బట్టల క్లిప్పులే వాడతారు, రబ్బరు బ్యాండు చుట్టి పట్టు పెంచుకుంటారు. పలక మూసేటప్పుడు సైకిల్ ట్యూబుని పొడుగు రిబ్బన్లుగా కోసి, పెట్టె చుట్టూ బిగించి చుడితే చాలు. మామూలు ఫెవికాల్ సరిపోతుంది. నైలాన్ తీగలు గిటారు ఉక్కు తీగలంత గట్టిగా లాగవు. అయితే ఎండలో కారులో మాత్రం వదలకండి, జిగురు మెత్తబడుతుంది.

వంపు తిప్పడం కష్టం. ఇనప గొట్టాన్ని లోపలి నుంచి హీట్ గన్‌తో వేడి చేసి, తడిపిన పట్టీని దాని మీద నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. మొదటిసారికి ఇది వద్దంటాను. నలుపలకల పెట్టెతో చేసే యుకులేలే ఉంది, పాశ్చాత్య దేశాల్లో చుట్టల పెట్టెలతో చేస్తుంటారు. వంపే ఉండదు. పాత చెక్క పెట్టెకి మెడ తగిలిస్తే మోగుతుంది. చూడ్డానికి అంత ముచ్చటగా ఉండదు, శ్రుతి మాత్రం మెట్ల మీద ఆధారపడేదే కాబట్టి బాగానే పలుకుతుంది.

ఇక కరెంటు పనిముట్లు. పండగ సేల్‌లో వందకి పైగా ముక్కల పెట్టె, డ్రిల్లుతో సహా సగం ధరకి అని ప్రకటన వస్తుంది. అందులో తొంభై ముక్కలు స్క్రూడ్రైవర్ బిట్లే. యుకులేలేకి డ్రిల్లు కావాల్సింది మరలకి నాలుగు రంధ్రాల కోసం. ఆ పని చేతి బరమా చేస్తుంది. మెట్ల గాడులకీ పలక సన్నం చేయడానికీ యంత్రాలున్నాయి కానీ, వాటి ఖర్చుతో పది మంచి యుకులేలేలు కొనుక్కోవచ్చు. యాంగిల్ గ్రైండరుకి కర్ర కోసే చక్రం బిగించి వాడటం కొన్ని వీడియోల్లో చూపిస్తున్నారు. ఇంట్లో అది అసలు వద్దు. చెక్కలో ఇరుక్కుంటే మిషను ఎదురు తన్నుతుంది, ఆపే వ్యవధి ఉండదు.

యంత్రంతో ఇంకో చిక్కు, ధూళి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఏళ్ల తరబడి పీల్చే పనివాళ్లలో ముక్కు, ముక్కు చుట్టూ ఉండే గదుల్లో వచ్చే క్యాన్సర్ గురించిన హెచ్చరిక అది. ఆదివారం ఒక గంట చేసే మనం బెంబేలెత్తక్కర్లేదు. కానీ మన పని గది అంటే వంటింటి పక్క బాల్కనీ, పిల్లలు పాకే చోటు. చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా పొరలు రాలతాయి, చీపురుతో ఎత్తేయొచ్చు. కరెంటు సాండరు పెడితే కంటికి కనపడనిది గాల్లో తేలుతుంది. గరుకు కాగితంతో రుద్దినా ఎన్-95 మాస్కు పెట్టుకోండి, తర్వాత పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ మధ్యాహ్నం మిషను చప్పుడుకి కింద ఫ్లాటు వాళ్లతో తగవు కూడా తప్పుతుంది.

చెక్క మాటకొస్తే, మన దగ్గర మామిడి దండిగా ఉంది. తలుపులకి పనికిరాదని, ప్యాకింగ్ పెట్టెలకి వాడతారని చిన్నచూపు చూస్తాం గానీ, హవాయిలో మామిడి చెక్క యుకులేలేలంటే ముచ్చటపడి కొంటారు. బాగా ఆరిన చెక్క కావాలి, అంతే. మెట్ల పలకకి గట్టి చెక్క కావాలని రోజ్‌వుడ్ పెడతారు. దానికో చిన్న చరిత్ర ఉంది. అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద 2017 జనవరి నుంచి ఆ జాతి చెట్లన్నిటినీ ఆంక్షల్లో చేర్చారు. దాంతో ఆ చెక్కతో చేసిన వాద్యం పంపాలన్నా కాగితాలు కావాల్సి వచ్చింది. వాద్యాలు చేసేవాళ్లూ వాయించేవాళ్లూ గోల పెడితే, 2019 నవంబరు నుంచి తయారైన వాద్యాలకీ వాటి విడిభాగాలకీ మినహాయింపు ఇచ్చారు. అత్యంత కఠినమైన జాబితాలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి అది వర్తించదు. మీరు చేసినది అమెరికాలో ఉన్న మనవరాలికి పంపాలనుకుంటే ముడి చెక్క పంపకండి, వాద్యం పంపండి.

ఇప్పుడు మళ్లీ ప్రభుత్వం దగ్గరికి వద్దాం. పనిముట్ల మీద కేంద్రం నేరుగా డబ్బు పెడుతున్న పథకం ఒకటుంది, 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ. పద్దెనిమిది చేతివృత్తుల వాళ్లకి అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకి 500 రూపాయల భత్యం, పనిముట్లు కొనుక్కోవడానికి 15,000 రూపాయల వోచరు, 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల దాకా రుణం ఇస్తారు. వడ్రంగి, కమ్మరి, బొమ్మలు చేసేవారు, దర్జీ, పూలమాలలు కట్టేవారు అందరూ జాబితాలో ఉన్నారు. సుత్తులూ పనిముట్లూ చేసేవాళ్లు కూడా ఉన్నారు. సరదాకి ఇంట్లో యుకులేలే చేసే మనకి అది వర్తించదు, వర్తించాలనీ అడగను. కానీ నిబంధనల్లో ఒక వాక్యం ఉంది, కుటుంబంలో ఒక్కరికే లబ్ధి అని. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు.

ఆలోచించండి. భర్త వడ్రంగి, భార్య దర్జీ. రెండూ జాబితాలో ఉన్న వృత్తులే. ఉలి సెట్టు వస్తే కుట్టుమిషను రాదు, మిషను వస్తే ఉలి రాదు. కొండపల్లిలో బొమ్మ చెక్కేది మగవాళ్లయితే రంగులద్దే పనిలో ఆడవాళ్ల చెయ్యి ఎంతో ఉంటుంది. నమోదు కాగితం మీద ఎవరి పేరు ముందు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. బియ్యం కార్డు ఇంటికొకటి ఉండటం న్యాయమే, అన్నం అందరికీ ఒక కుండలో ఉడుకుతుంది. పనిముటు అలా కాదు. అది ఒక చేతిది. వృత్తిని లెక్కపెట్టి పథకం పెట్టినప్పుడు మనిషిని కూడా వృత్తితోనే లెక్కపెట్టాలి, ఇంటితో కాదు. ఆ వాక్యం ఒక్కటి సవరిస్తే ఎంతోమంది భార్యలకి, పెళ్లికాని కూతుళ్లకి సొంత పనిముట్లు వస్తాయి. దుర్వినియోగం జరుగుతుందంటారా? శిక్షణకి వచ్చి చేసి చూపించిన వాళ్లకే వోచరు ఇవ్వండి, ఎవరొద్దన్నారు.

వాద్యాలు చేసేవాళ్లకి ఆ పద్దెనిమిదిలో విడిగా చోటు లేకపోవడం ఇంకో లోటు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే కుటుంబాలున్నాయి, ఆ వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేతితో చేసిన వీణ, తంబురా వంటి దేశవాళీ వాద్యాలకి జీఎస్టీ లేదు, సంతోషం. వాటిని తొలిచే ఉలికి మాత్రం ఉంది. వాళ్లు వడ్రంగుల కింద నమోదు చేసుకోవచ్చు కాబోలు, కానీ వడ్రంగి వోచరులో వచ్చే సెట్టూ వీణ కడుపు తొలిచే ఉలీ ఒకటి కావు.

నీతి ఆయోగ్ చెప్పిన పెద్ద కర్మాగారాలు వస్తే రానివ్వండి, కూలీ దొరుకుతుంది. కానీ ఎగుమతికి చేసే దేశం తన ఇళ్లలోకి ఏ కొలత పిడి పంపుతోందో కూడా చూసుకోవాలి. ఆ అడగడం కొనే దగ్గరే మొదలవ్వాలి. షాపులో పిడి పట్టుకుని చూడకుండా కొనకండి. గులాబీ పెట్టె పక్కన పెట్టించి, విడిగా తీయించండి.

మొదటి నెల మూలమట్టం, స్టీలు స్కేలు, అరంగుళం ఉలి, సానరాయి కొనండి. పదును పెట్టడం వచ్చేదాకా చెక్క జోలికి పోకండి. రెండో నెల లాగే రంపం, రెండు సి-క్లాంపులు, ఆకురాయి. ఈలోగా ఇంట్లో కిర్రుమనే తలుపులూ కుంటే పీటలూ బాగుచేస్తుంటే చెయ్యి తిరుగుతుంది. మెట్ల తీగ, దానికి తగిన రంపం చివర్లో. మా పిల్లది ప్రస్తుతం రెండో నెలలో ఉంది. వాళ్లమ్మ కత్తిపీటకి కూడా పదును పెట్టిందట, టమాటా తొక్క తెగుతోందని ఫోన్ చేసింది.